నిజ ప్రవక్త ఎవరు, అబద్ధ ప్రవక్త ఎవరు: యూదు సంప్రదాయంలోని పరీక్ష, మెట్టు మెట్టుగా

"దేవుడు నాతో మాట్లాడాడు" అంటూ ఒకడు వచ్చి నిలబడితే జనం మొదట అడిగేది అద్భుతం గురించే. ఏం చూపించాడు? చెప్పింది జరిగిందా? యూదు సంప్రదాయం ఈ ప్రశ్నను కొట్టిపారేయలేదు కానీ దాన్ని బాగా వెనక్కి జరిపింది. ఆ మనిషి ఏం చేయమంటున్నాడన్నది ముందు చూడాలి. ఆ పరీక్షలో నిలిచినవాడినే సూచన, అంటే తనను దేవుడు పంపాడనడానికి గుర్తు, అడగాలి. నిలవనివాడు ఎంత పెద్ద అద్భుతం చేసినా దాన్ని లెక్కలోకి తీసుకోరు. జనం ఘోరంగా మోసపోయిన సందర్భాలు చూస్తే చాలాచోట్ల ఈ వరుసే తారుమారైంది. అందుకే ఇక్కడ మెట్లను దాటేయకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా చూద్దాం.

దగ్గర పెట్టుకోవాల్సిన మూలాలు

తోరాలో, అంటే మోషే ధర్మశాస్త్రంగా చెప్పే బైబిల్ మొదటి ఐదు పుస్తకాల్లో, రెండు చోట్లు ముఖ్యం: ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం మొదలు, 18వ అధ్యాయం చివర. తెలుగు బైబిల్‌తో చదివేవారు ఒక సంగతి గమనించాలి. తెలుగులో 13:1–5గా ఉన్న భాగం హీబ్రూ ప్రతిలో 13:2–6. ఎందుకంటే తెలుగులో 12:32గా ఉన్న వాక్యం హీబ్రూలో 13వ అధ్యాయానికి మొదటి వాక్యం. ఆ వాక్యం చెప్పేది, ఆజ్ఞలకు ఏదీ కలపకూడదు, ఏదీ తీసివేయకూడదు అని. అంటే హీబ్రూలో చదివేవాడికి అబద్ధ ప్రవక్త గురించిన హెచ్చరిక ఈ వాక్యంతోనే మొదలవుతుంది. యూదు గ్రంథాల్లో ఇచ్చిన సంఖ్యలను తెలుగు బైబిల్‌లో వెతికేటప్పుడు ఒక వాక్యం తేడా వస్తే కారణం ఇదే.

వీటి తర్వాత క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ నిర్ణయాల సంకలనం మిష్నాలో సన్‌హెడ్రిన్ (న్యాయసభ) భాగం 11వ అధ్యాయం, దానిమీద బాబిలోను తల్మూద్‌లో 89, 90 పత్రాల చర్చ. తల్మూద్ అంటే మిష్నా మీద పండితుల చర్చల గ్రంథం; బాబిలోనుది ఒకటి, యెరూషలేముది ఒకటి. వీటన్నిటినీ ఒక క్రమంలో పెట్టినవాడు 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్. ఆయన ధర్మసంహిత మిష్నే తోరా మొదటి సంపుటంలో, తోరా పునాదుల గురించిన భాగంలో, 7 నుంచి 10 వరకు ఉన్న అధ్యాయాలు పూర్తిగా దీనికే. కింది క్రమానికి వెన్నెముక ఆ నాలుగు అధ్యాయాలే.

మొదటి మెట్టు: ఎవరి పేరు మీద మాట్లాడుతున్నాడు, ఎటు తీసుకెళ్తున్నాడు

ఇది నిమిషంలో తేలిపోయే పరీక్ష, అయినా అన్నిటికన్నా గట్టిది. వేరే దేవుడి పేరు మీద మాట్లాడినా, ఇశ్రాయేలు దేవుడి పేరే చెబుతూ విగ్రహారాధన వైపు నడిపించినా, అక్కడితో విచారణ ముగిసినట్టే. సూచన అడగకూడదు. అతనే ముందుకొచ్చి చూపిస్తే దానికి విలువ ఇవ్వకూడదు. ద్వితీయోపదేశకాండం 13 సరిగ్గా ఈ సందర్భాన్నే చెబుతుంది: అతను చెప్పిన సూచన నిజంగానే జరిగినా సరే, వినవద్దు, మీ దేవుడు మిమ్మల్ని పరీక్షిస్తున్నాడు.

తల్మూద్‌లో రబ్బీ (యూదు ధర్మబోధకుడు) అబ్బాహు, తన గురువు రబ్బీ యోహానాన్ పేరు మీద ఈ మాటను ఇంకా పదునుగా చెప్పాడు. తోరాలోని ఏ ఆజ్ఞనైనా తాత్కాలికంగా దాటమని ప్రవక్త చెబితే వినాలి. విగ్రహారాధన విషయంలో మాత్రం అతను సూర్యుణ్ణి నడి ఆకాశంలో నిలబెట్టినా వినకూడదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. అబద్ధ ప్రవక్తకు దేవుడు అద్భుతం చేసే శక్తి ఎందుకిస్తాడు? రబ్బీ అకీవా దానికి ఒప్పుకోలేదు. తన ఆజ్ఞను మీరేవాళ్ల కోసం దేవుడు సూర్యుణ్ణి ఆపడమా, అసాధ్యం అన్నాడు. మరి వాక్యం ఎవరి గురించి? మొదట నిజమైన ప్రవక్తగా ఉండి, సూచనలు చూపించి, తర్వాత దారి తప్పినవాడి గురించి. ఉదాహరణగా అజ్జూరు కొడుకు హనన్యాను చూపించాడు. 13వ శతాబ్దంలో స్పెయిన్‌లోని గిరోనాలో ఉన్న పండితుడు నఖ్మానిడీస్ వేరే సమాధానం ఇచ్చాడు. కొందరికి స్వభావసిద్ధంగానే జరగబోయేది తెలిసే శక్తి ఉంటుంది, అది ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లకే తెలియదు. అలాంటివాడు ఒక సంగతి ముందే చెప్పి, అది జరిగాక, దాన్ని ఆసరా చేసుకుని విగ్రహాల వైపు లాగవచ్చు. ఈ రెండు వివరణల్లో ఏది ఒప్పుకున్నా ఆచరణ మారదు. సూచన నెరవేరడం ఒక్కటే ఎవరినీ ప్రవక్తను చేయదు.

రెండో మెట్టు: ధర్మశాస్త్రాన్ని ముట్టుకుంటున్నాడా

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా వెళ్లాలి. మనిషి దేవుడి పేరే చెబుతున్నాడు, విగ్రహాల ఊసు లేదు. కానీ అతని మాట ఏదో ఒక ఆజ్ఞను తాకుతోంది. అది ఎలా తాకుతోందన్నదాన్ని బట్టి తీర్పు పూర్తిగా మారిపోతుంది.

ఒక ఆజ్ఞను శాశ్వతంగా తీసేశానన్నా, కొత్తది కలిపానన్నా, పాత ఆజ్ఞ ఆ కాలానికే గానీ ఇప్పుడు కాదన్నా, అతను అబద్ధ ప్రవక్త. సూచన అక్కర్లేదు, ఇచ్చినా పనికిరాదు. కారణాన్ని మైమోనిడీస్ ఇలా చెబుతాడు. ఇశ్రాయేలీయులు మోషేను నమ్మింది అతను చేసిన అద్భుతాల వల్ల కాదు. అద్భుతం చూసి నమ్మినవాడి మనసులో, ఇది గారడీ కావచ్చునన్న అనుమానం ఎక్కడో మిగిలే ఉంటుంది. సీనాయి కొండ దగ్గర వాళ్ల కళ్లే చూశాయి, వాళ్ల చెవులే విన్నాయి. తర్వాత వచ్చిన ప్రవక్తలను నమ్మడం మోషే ఇచ్చిన ఆజ్ఞ వల్లే, ఇద్దరు సాక్షుల మాట మీద న్యాయస్థానం తీర్పు చెప్పినట్టు. ఆ సాక్షుల మనసులో నిజముందో అబద్ధముందో న్యాయమూర్తికి తెలియదు, అయినా ధర్మశాస్త్రం చెప్పింది కాబట్టి తీర్పు ఇస్తాడు. అలాంటప్పుడు ఆ ధర్మశాస్త్రాన్నే కాదనే సాక్షికి నిలబడడానికి చోటే లేదు.

శాశ్వతంగా కాకుండా ఒక్కసారికి, ఒక అవసరం కోసం దాటమంటే వేరే లెక్క. కర్మెలు కొండ మీద ఏలీయా చేసింది అదే. యెరూషలేము ఆలయం నిలిచి ఉండగా బయట బలి అర్పించడం నిషేధం, శిక్ష చాలా కఠినం. అయినా బయలు అనే అన్య దేవుడి ప్రవక్తలు 450 మంది ఎదుట ఏలీయా బలిపీఠం కట్టాడు. అప్పుడు జనం వెళ్లి, "ధర్మశాస్త్రంలోని నిషేధాన్ని ఎలా కొట్టేస్తాం?" అని అడిగి ఉంటే ఆయన ఏమనేవాడో మైమోనిడీస్ రాశాడు: నిత్యం బయట అర్పించేవాడు మోషే చెప్పినట్టు శిక్షకు అర్హుడే, నేను మాత్రం బయలు ప్రవక్తల మాటను ఖండించడానికి ఈ ఒక్క రోజు అర్పిస్తున్నాను. కాబట్టి ఈ మెట్టులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఎంతకాలం?" దానికి స్పష్టమైన ముగింపు చెప్పలేనివాణ్ణి తాత్కాలికం కోవలో పెట్టకూడదు. అంతేకాదు, ఈ మినహాయింపు ముందే ప్రవక్తగా నిలదొక్కుకున్నవాడికే. నిన్నటిదాకా ఎవరికీ తెలియనివాడు వచ్చి మొదటి మాటగానే ఆజ్ఞను దాటమంటే ఇది అతనికి వర్తించదు.

మూడో రకం అందరూ మరిచిపోయేది. అతను ఆజ్ఞను తీసేయడు, కలపడు. పండితుల మధ్య వాదం నడుస్తున్న విషయంలో దూరి, "ఫలానావారు చెప్పిందే సరైనదని దేవుడు నాకు చెప్పాడు" అంటాడు. వినడానికి భక్తిగానే ఉంటుంది. కానీ ఇది కూడా అబద్ధ ప్రవచనం కిందికే వస్తుంది. ఉదాహరణకు విశ్రాంతి దినాన ఊరి హద్దు దాటి నడవగలిగింది 2000 మూరలు. కొలత మీద వాదించి ఎవరైనా వేరే లెక్క తేల్చవచ్చు, అది పండితుడి పని. ప్రవచనం వచ్చిందంటూ అందులో ఒక్క మూర తగ్గించినా పెంచినా తప్పే. "అది ఆకాశంలో లేదు" అన్న ద్వితీయోపదేశకాండం 30:12 మాట దీనికి ఆధారం. మోషే చనిపోయినప్పుడు దుఃఖకాలంలో 3000 ధర్మ నిర్ణయాలు మరుగున పడ్డాయని తల్మూద్ చెబుతుంది. దేవుణ్ణి అడిగి తెలుసుకోమని జనం యెహోషువను బతిమాలితే, ఆయన చెప్పిన జవాబు కూడా ఇదే వాక్యం. నష్టం అంత పెద్దదైనా ప్రవచనం అనే దారి తెరవలేదు. 1000 మంది ప్రవక్తలు, అందరూ ఏలీయా ఎలీషాల స్థాయివాళ్లే, ఒక పక్కన తర్కం చెప్పి, 1001 మంది పండితులు ఇంకో పక్కన చెబితే, సంఖ్య ఎక్కువున్న పండితుల మాటే చెల్లుతుందని మైమోనిడీస్ తన మిష్నా వ్యాఖ్యానం ముందుమాటలో రాశాడు.

మూడో మెట్టు: మనిషి

మాట నిలిచాక మనిషిని చూడాలి. తల్మూద్ అడిగే లక్షణాలు: జ్ఞాని, బలవంతుడు, ధనవంతుడు, వినయం గలవాడు. మైమోనిడీస్ వివరణలో బలవంతుడంటే తన కోరికను అణిచినవాడు, ధనవంతుడంటే ఉన్నదానితో తృప్తిపడేవాడు. ఈ లక్షణాలన్నీ ఉన్నంత మాత్రాన ప్రవక్త అయిపోడు. లేకపోతే మాత్రం సూచన అడిగేదాకా వెళ్లాల్సిన పనే లేదు.

ఆచరణలో చూడాల్సింది అతని మాట వల్ల లాభం ఎవరికన్నది. మీకా 3:5లో ఒక గుర్తు ఉంది: నోటికి తిండి దొరికితే సమాధానం అంటారు, నోట్లో ఏమీ పెట్టనివాడి మీద యుద్ధం ప్రకటిస్తారు. యిర్మీయా 29లో కోలాయా కొడుకు అహాబు, మయశేయా కొడుకు సిద్కియా అనే ఇద్దరు కనిపిస్తారు. ఇద్దరూ బాబిలోను చెరలో దేవుడి పేరున అబద్ధాలు చెప్పారు, పొరుగువాళ్ల భార్యలతో వ్యభిచారం చేశారు. నెబుకద్నెజరు వాళ్లను నిప్పుల్లో కాల్చాడు. తల్మూద్ వాళ్ల పద్ధతిని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. ఒకడు నెబుకద్నెజరు కూతురి దగ్గరికి వెళ్లి, "నువ్వు రెండోవాడి మాట వినాలని దేవుడు చెప్పాడు" అన్నాడు. రెండోవాడు వచ్చి మొదటివాడి గురించి అదే చెప్పాడు. ఎవడికి వాడు అడగలేదు, ఒకడికోసం ఇంకొకడు అడిగాడు. చూసేవాళ్లకు ఇద్దరు సాక్షుల్లా కనిపిస్తారు. ఒకరినొకరు ప్రవక్తలుగా నిలబెట్టుకునే జంటలు ఎదురైనప్పుడు ఈ ఘట్టం గుర్తుకు రావాలి.

నాలుగో మెట్టు: జరగబోయేది చెప్పమనడం

ఇప్పుడు సూచన అడగవచ్చు. మోషేలా సముద్రాన్ని చీల్చమని గానీ, ఎలీషాలా చనిపోయినవాణ్ణి లేపమని గానీ అడగాల్సిన పని లేదు. జరగబోయేది చెప్పమనాలి, జరుగుతుందో లేదో కాచుకుని చూడాలి. అంతే. ఒక ప్రవచనం పరీక్షకు పనికిరావాలంటే అది మంచి జరుగుతుందన్న మాట అయి ఉండాలి, వివరంగా ఉండాలి, దానికి గడువు ఉండాలి. చెప్పినదాంట్లో చిన్న వివరం తప్పినా అతను అబద్ధికుడే, తొంభై పాళ్లు నిజమైందన్న సర్దుబాటు లేదు. జ్యోతిష్కులకూ ప్రవక్తలకూ తేడా ఇదే అంటాడు మైమోనిడీస్. వాళ్లు చెప్పినవాటిలో కొన్ని జరుగుతాయి, కొన్ని జరగవు. ప్రవక్త చెప్పినది మొత్తం జరిగి తీరాలి. ఒక్కసారి జరిగితే కూడా చాలదు. మళ్లీ మళ్లీ పరీక్షించాలి. అన్నిసార్లూ నిలిస్తే అప్పుడు సమూయేలులా అతను నమ్మదగినవాడని తేలుతుంది. దాను మొదలుకొని బెయేర్షెబా వరకు, అంటే దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా, జనమంతా సమూయేలును ప్రవక్తగా గుర్తించింది ఆయన మాటల్లో ఒక్కటీ వృథా కానందువల్లే.

చెడు గురించిన ప్రవచనాన్ని పరీక్షకు వాడకూడదు. యోనా నీనెవెలో నిలబడి, ఇంకా 40 రోజుల్లో పట్టణం కూలిపోతుందన్నాడు. కూలలేదు. యోనా అబద్ధ ప్రవక్త కాడు, జనం మారారు. హిజ్కియాకు చావు తప్పదని యెషయా చెప్పాడు. రాజు ఏడ్చి ప్రార్థిస్తే 15 ఏళ్లు కలిశాయి. దేవుడు కోపపడడంలో నిదానస్థుడు కాబట్టి హెచ్చరిక రద్దు కావచ్చు, వాయిదా పడవచ్చు. మంచి మాట మాత్రం, షరతు మీద చెప్పినదైనా సరే, వెనక్కి పోదని తల్మూద్ అంటుంది. దీని వెనకున్న తర్కం సూటిగా ఉంది. మంచి ప్రవచనం కూడా రద్దు కావచ్చంటే ఇక ప్రవక్తను పరీక్షించే దారే ఉండదు, తప్పిన ప్రతివాడూ "మీ పాపాల వల్ల ఆగిపోయింది" అనేస్తాడు.

లోతుగా చదివేవాళ్లకు ఇక్కడ రెండు అడ్డంకులు ఎదురవుతాయి. యిర్మీయా 18లోనే, జనం చెడిపోతే వాళ్లకు చేస్తానన్న మేలు విషయంలో దేవుడు మనసు మార్చుకుంటాడని ఉంది. అలాగే, నీకు తోడుంటానని దేవుడు మాట ఇచ్చాక కూడా యాకోబు ఏశావుకు భయపడ్డాడు. రెండోదానికి మైమోనిడీస్ చెప్పిన తేడా ఉపయోగపడుతుంది: ప్రవక్తకు తన సొంతం కోసం వచ్చిన వాగ్దానం వేరు, ఇతరులకు ప్రకటించమని ప్రవక్త నోట పంపించిన వాగ్దానం వేరు. మొదటిది పాపం వల్ల పోవచ్చు, రెండోది పోదు. పరీక్షకు నిలబడేది రెండోదే. యిర్మీయా 18ని కూడా ఇదే తేడాతో చదవవచ్చు. దేవుడు తలపెట్టిన మేలు ఒకటి, ప్రవక్త నోట జనానికి ప్రకటించి పంపిన మేలు ఒకటి.

దగ్గరగా చూద్దాం: హనన్యా

యూదా రాజు సిద్కియా ఏలుబడి నాలుగో ఏడు, ఐదో నెల. ఆలయంలో యాజకుల ముందు, జనం ముందు యిర్మీయా మెడ మీద కొయ్య కాడితో ఉన్నాడు, బాబిలోనుకు లొంగి బతకండని చెప్పడానికి అది గుర్తు. గిబియోను ఊరివాడు హనన్యా వచ్చి దేవుడి పేరు మీదే చెప్పాడు: బాబిలోను కాడి విరిగింది, రెండేళ్లలో ఆలయ పాత్రలు, చెరకుపోయిన రాజు, ప్రజలు తిరిగి వస్తారు.

పై మెట్లన్నీ ఇతనికి వర్తింపజేసి చూడండి. విగ్రహాల మాట లేదు. ఏ ఆజ్ఞనూ ముట్టుకోలేదు. రబ్బీ అకీవా ప్రకారం అంతకుముందు నిజమైన ప్రవక్త కూడా. చెప్పినది మేలు, వివరంగా ఉంది, గడువు ఉంది. పరీక్షకు ఇంతకన్నా చక్కగా అమరిన ప్రవచనం దొరకదు. అంటే ఆ రోజున, ఆ ఆలయంలో, హనన్యాను అబద్ధికుడని తేల్చే ఆధారం ఎవరి చేతుల్లోనూ లేదు. యిర్మీయా "ఆమేన్, దేవుడు అలాగే చేయుగాక" అన్నాడు. తనకంటే ముందున్న ప్రవక్తలు యుద్ధం, కీడు, తెగులు గురించి చెప్పారని, సమాధానం చెప్పే ప్రవక్త మాట మాత్రం జరిగినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుందని గుర్తుచేశాడు. హనన్యా అతని మెడ మీది కాడి తీసి విరగ్గొట్టాడు. యిర్మీయా తన దారిన వెళ్లిపోయాడు. పాఠకులు తొందరగా దాటేసే వాక్యం ఇది. వాదన గెలవలేదు, అక్కడికక్కడ అద్భుతం జరగలేదు, నిజ ప్రవక్త మౌనంగా వెళ్లిపోయాడు.

ఈ పరీక్షకున్న అసలు కష్టం ఇక్కడ బయటపడుతుంది. రాజు ఈ రోజే నిర్ణయం తీసుకోవాలి, ఫలితం రెండేళ్లకు గానీ తెలియదు. యిర్మీయా మాటలోనే దీనికి ఆచరణ సాధ్యమైన సమాధానం ఉంది. మేలు చెప్పేవాడి మీదే రుజువు భారం. గడువు తీరేదాకా అతని మాట నమ్మి తిరుగుబాటు లాంటి వెనక్కి తీసుకోలేని పనులు చేయకూడదు. ఆ తర్వాత యిర్మీయాకు వాక్కు వచ్చింది, కొయ్య కాడికి బదులు ఇనుప కాడి వస్తుందని, హనన్యా ఆ ఏడే చనిపోతాడని. హనన్యా ఏడో నెలలో పోయాడు. యెరూషలేము తల్మూద్‌లో దీనిమీద ఒక కథ ఉంది. హనన్యా కొత్త సంవత్సరం ముందురోజే ప్రాణం వదిలాడని, తన చావును పండుగ అయ్యేదాకా దాచమని కొడుకులకు చెప్పాడని అంటారు, యిర్మీయా చెప్పిన ఏడాది గడువు తప్పిందని అనిపించడానికి.

హనన్యా ఎక్కడ తప్పాడు? బాబిలోను తల్మూద్ వివరణ నాకు ఈ విషయం మొత్తంలో అత్యంత విలువైనదిగా తోస్తుంది. యిర్మీయా ఎగువ బజారులో నిలబడి, ఏలాము విల్లును దేవుడు విరుస్తాడని చెబుతుంటే హనన్యా విన్నాడు. బాబిలోనుకు తోడుగా వచ్చిన ఏలాముకే అంత శిక్ష అయితే బాబిలోనుకు ఇంకెంత అని తర్కించుకున్నాడు. దిగువ బజారుకు వెళ్లి, బాబిలోను కాడి విరిగిందని దేవుడి మాటగా చెప్పాడు. తర్కం తప్పేమీ కాదు, పండితులు రోజూ వాడేదే. దాన్ని వాక్కుగా ప్రకటించడమే నేరం. కాబట్టి ప్రవక్తననేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి: నువ్వు విన్నది ఏది, విన్నదాని నుంచి నువ్వు ఊహించింది ఏది?

ఒకే మాట పలికే గుంపు

మొదటి రాజులు 22లో ఇశ్రాయేలు రాజు ఆహాబు దగ్గర 400 మంది ప్రవక్తలు రామోత్గిలాదు పట్టణం మీదికి యుద్ధానికి వెళ్లమని ఏకకంఠంగా చెప్పారు. కెనయనా కొడుకు సిద్కియా ఇనుప కొమ్ములు కూడా చేసుకొచ్చాడు. యూదా రాజు యెహోషాపాతుకు మాత్రం అనుమానం వచ్చి, ఇంకో ప్రవక్త లేడా అని అడిగాడు. 400 మంది చెప్పాక ఇంకొకడెందుకు? తల్మూద్ ప్రకారం యెహోషాపాతు తన పూర్వీకుల నుంచి ఒక సూత్రం నేర్చుకున్నాడు: దేవుడి సందేశం ఒకటే అయినా చాలామంది ప్రవక్తలకు రావచ్చు, కానీ ఏ ఇద్దరూ దాన్ని ఒకే మాటల్లో పలకరు. ఓబద్యా, యిర్మీయా ఇద్దరూ ఎదోము గర్వం గురించి చెప్పారు, మాటల పొందిక వేరు. మాటకు మాట సరిపోతే ఒకరి నుంచి ఒకరు తీసుకున్నట్టే లెక్క. ఏకాభిప్రాయమే రుజువనుకునేవారికి ఇది సూటి హెచ్చరిక. పిలిపించిన మీకాయా ఓటమి చెప్పాడు, ఆహాబు యుద్ధంలో ఎవరో గురి చూడకుండా వేసిన బాణం తగిలి చచ్చాడు.

ఆ అధ్యాయంలోనే, ప్రవక్తల నోట అబద్ధం పలికించడానికి ఒక ఆత్మ వచ్చిందని ఉంది. సిద్కియాను ఆత్మ మోసం చేసింది కదా, అతని తప్పేముంది అని తల్మూద్ అడుగుతుంది. జవాబు: 400 మంది ఒకే మాట అంటున్నారని అతనూ గమనించి ఉండాల్సింది. తాను నిజంగానే నమ్మానని చెప్పడం కాపాడదు. పరీక్షించుకోవాల్సిన బాధ్యత వినేవాడితో పాటు చెప్పేవాడి మీదా ఉంది.

ఐదో మెట్టు: నిలిచాక ఏం చేయాలి

ప్రవక్తగా తేలినవాణ్ణి మళ్లీ మళ్లీ శోధించడం నిషేధం, ద్వితీయోపదేశకాండం 6:16లోని "మస్సాలో శోధించినట్టు శోధించవద్దు" అన్న మాట ఆధారంగా. నిలదొక్కుకున్న ప్రవక్త ఇంకొకరిని ప్రవక్త అని చెబితే ఆ రెండోవాడికి విడిగా పరీక్ష అక్కర్లేదు, మోషే యెహోషువ గురించి చెప్పినట్టు. కానీ ఈ గుర్తింపు జీవితకాలానిది కాదు. హనన్యా ఉదాహరణ ఉంది కదా. మొదటి రెండు మెట్ల పరీక్ష ఎప్పటికీ మూతపడదు.

ఒకరికి నేరుగా వచ్చిన ఆజ్ఞను మరొకరి ప్రవచనం రద్దు చేయలేదన్నదీ ఇక్కడే గుర్తుంచుకోవాలి. మొదటి రాజులు 13లో దైవజనుడికి బేతేలులో తినవద్దు, తాగవద్దు అని ఆజ్ఞ. అక్కడి ముసలి ప్రవక్త, దూత తనతో చెప్పాడంటూ అబద్ధమాడి ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. తిరుగు దారిలో సింహం చంపింది అబద్ధమాడినవాణ్ణి కాదు, నమ్మి తన ఆజ్ఞ దాటినవాణ్ణి.

తీర్పు ఎవరిది

అబద్ధ ప్రవక్తను విచారించే అధికారం 71 మంది సభ్యుల పెద్ద న్యాయసభకే, ఊరి న్యాయస్థానానికి లేదు. మిష్నా ప్రకారం మనుషుల చేతిలో మరణశిక్ష పడేది తాను విననిది చెప్పినవాడికి, తనకు కాక వేరొకరికి వచ్చిన మాటను తనదిగా చెప్పినవాడికి, విగ్రహాల పేరు మీద ప్రవచించినవాడికి. తనకు వచ్చిన ప్రవచనాన్ని దాచినవాడు, ప్రవక్త మాటను లెక్కచేయనివాడు, తన ప్రవచనాన్ని తానే దాటినవాడు దేవుడి చేతికి వదిలేయబడతారు. ఆ న్యాయసభ కాలగర్భంలో కలిసి శతాబ్దాలు గడిచాయి. శిక్ష భాగం ఇప్పుడు చదువుకోవడానికే. పరీక్ష భాగం మాత్రం అమల్లో ఉంది.

హగ్గయి, జెకర్యా, మలాకీల తర్వాత ప్రవచనం ఆగిపోయిందని తల్మూద్ అంటుంది. అందువల్ల తర్వాతి కాలాల్లో ఈ మెట్లన్నీ ఎక్కువగా కాదనడానికే ఉపయోగపడ్డాయి. 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లోని ఆవిలా పట్టణంలో, చదువు రాని ఒక యువకుడికి దూత పుస్తకం చెప్పి రాయిస్తున్నాడని కబురు పుట్టింది. బార్సిలోనా పండితుడు శ్లోమో బెన్ అద్రెత్ ఇచ్చిన జవాబు చదవదగ్గది. జ్ఞానం లేనివాడి మీద ప్రవచనం నిలుస్తుందా, ఇశ్రాయేలు దేశం బయట నిలుస్తుందా, ఈ తరానికి ఆ అర్హత ఉందా అని ఒక్కొక్కటిగా అడిగాడు. చెర బాధలు పడుతూనైనా, విచారణ మీద విచారణ చేయకుండా దేన్నీ నమ్మని జాతి తమదని రాశాడు.

ఆ విచారణ వదిలేసిన కాలం 1665. గాజాకు చెందిన నాథాను, సబ్బతాయ్ జెవి అనే యూదుణ్ణి మెస్సీయగా, అంటే యూదులు ఎదురుచూసే విమోచకుడిగా, ప్రకటించాడు. ఒట్టోమన్ సుల్తాను కిరీటం యుద్ధం లేకుండానే అతని చేతికి వస్తుందన్నాడు. సూచన అడగకుండా నమ్మాలన్నాడు. పై మెట్లతో చూడండి. నాలుగో మెట్టును మొత్తంగా తీసేశాడు. 1666 వేసవిలో ఆలయ నాశనాన్ని తలుచుకుని ఉపవాసముండే అవ్ నెల 9వ రోజును పండుగగా మార్చేశారు. "ఎంతకాలం?" అని అడిగి ఉంటే రెండో మెట్టులోనే తేలిపోయేది. రబ్బీ జాకబ్ సస్పోర్టాస్ లాంటి కొద్దిమంది రుజువు ఏదని అడిగితే జనం కోపగించుకున్నారు. 1666 సెప్టెంబరులో సబ్బతాయ్ సుల్తాను ఎదుట ఇస్లాం స్వీకరించాడు. మేలు గురించి, గడువుతో చెప్పిన ప్రవచనం తప్పింది. హనన్యాకు వర్తించిన సూత్రం ప్రకారం వ్యవహారం అక్కడే ముగియాలి. నాథాను మాత్రం దానికీ లోతైన అర్థం ఉందంటూ ప్రచారం కొనసాగించాడు. తప్పిన తర్వాత వచ్చే వివరణను వినడానికి ఈ పద్ధతిలో ఏ మెట్టూ లేదు.

పెద్ద ప్రవక్తలెవరూ లేని రోజువారీ జీవితంలో కల, దర్శనం లాంటివాటికి ఏం విలువ ఇవ్వాలన్నదానికి తల్మూద్‌లో ఒక కేసు ఉంది. తండ్రి దాచిపోయిన డబ్బు దొరకక ఒకడు బాధపడుతుంటే కలలో చెప్పారు: ఇంత మొత్తం, ఫలానా చోట ఉంది, అది రెండో దశమభాగం సొమ్ము అని. దశమభాగం సొమ్మయితే యెరూషలేములోనే తినాలి, ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టకూడదు. వెళ్లి చూస్తే సొమ్ము దొరికింది, చోటూ మొత్తమూ కలలో చెప్పినట్టే ఉన్నాయి. పండితుల దగ్గరికి వెళ్తే వాళ్ల తీర్పు: కల మాటలు దేన్నీ పెంచవు, తగ్గించవు. ఆ డబ్బు అతనిది, మామూలుగా ఖర్చు పెట్టుకోవచ్చు.